రివాల్వరు దొరికింది... పెట్టె దొరకలేదు!

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అగ్గిపెట్టెల లేబుళ్ళు పోగు చేయని పిల్లలు ఒకప్పుడు మన ఊళ్ళల్లో తక్కువ. బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో కిళ్ళీకొట్టు ముందు వంగి, ఎవరో పారేసిన పెట్టెను ఏరుకునేవారు. పైనున్న బొమ్మ చిరగకుండా నీళ్ళలో నానబెట్టి తీసి, నోటుపుస్తకంలో అంటించుకునేవారు. లోపలి పుల్లలతో వాళ్ళకు పని లేదు. కావలసిందల్లా ఆ కాగితం ముక్కే.

సముద్రాల ఆవల అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ పెద్దవాళ్ళకు సరిగ్గా ఇలాంటి సరదాయే ఒకటి వుంది. వాళ్ళు ఏరేది అగ్గిపెట్టెలు కాదు, తూటాల పెట్టెలు. నూరు, నూటయాభై ఏళ్ళ కిందటి రివాల్వరు ఒకటి చేతికి వచ్చిందంటే, ఆ రోజుల్లో దానికోసం అంగట్లో అమ్మిన తూటాల అట్టపెట్టె కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. పెట్టె ఖాళీదైనా ఫరవాలేదు, లేబులు నిలిచి వుంటే చాలు. అందుకు వందల డాలర్లు పోస్తారు. బాగా అరుదైన పెట్టె ధర వేలల్లోకి పోతుంది.

ఖాళీ అట్టపెట్టెకు అంత ధరా అని నవ్వు రావచ్చు. కాని ఆ పెట్టె మీద రాసి వున్నది చదవడం తెలిసినవారికి అది వట్టి అట్ట కాదు, సాక్షి. పక్కనున్న రివాల్వరు చెప్పలేని సంగతులు అది చెబుతుంది.

పారేసేదే కరవు

రివాల్వరు ఖరీదైన వస్తువు. కొన్నవాడు నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచుకుంటాడు. తండ్రి పోతే కొడుకుకు వస్తుంది. పైగా ప్రతిదాని మీదా ఒక నంబరు వుంటుంది. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీల రివాల్వర్ల విషయంలో ఆ నంబరు పంపితే, పాత రికార్డులు వెతికి, ఫలానా తుపాకి ఫలానా తేదీన కర్మాగారం దాటిందని రుసుము తీసుకుని ఉత్తరం రాసి ఇచ్చే ఏర్పాటు కూడా వుంది. ఇనుముకు పుట్టిన తేదీ వున్నట్లే లెక్క.

పెట్టె సంగతి వేరు. అది పారేయడానికే పుట్టింది. యాభై తూటాలూ అయిపోయిన రోజున అది పొయ్యిలోకో, చెత్తకుప్పలోకో పోతుంది. కొన్ని పెట్టెల మూత చుట్టూ అంటించిన కాగితాన్ని చింపితే గాని లోపలి తూటా బయటికి రాదు. అంటే పెట్టెను వాడడమే దాన్ని పాడు చేయడం. మిగిలినవాటిని చెమ్మ, చెద, పురుగు తినేశాయి. అందువల్ల లక్షల సంఖ్యలో తయారైన పెట్టెల్లో చేతికి దొరికేవి కొద్ది. తుపాకులు మిగిలాయి. వాటికి తిండి పెట్టిన పెట్టెలు పోయాయి.

ఈ రెంటినీ మళ్ళీ కలపడమే సేకర్తల పని. ఒకరకంగా ఇది పెళ్ళికి జాతకాలు కలిపినట్లే. రివాల్వరు తయారైన సంవత్సరం, దాని క్యాలిబరు, సైన్యానిదా ప్రజలదా అన్న సంగతి, అది ఏ రకం తుపాకి మందును తట్టుకుంటుంది అన్న సంగతి - ఇవన్నీ పెట్టె మీది రాతతో పొసగాలి. ఒక్కటి తప్పినా సంబంధం చెడినట్లే.

కాగితం పొట్లాల కాలం

తూటా అనగానే మనకు కళ్ళముందు మెదిలేది ఇత్తడి తొడుగు. కాని మొదటి రివాల్వర్లకు అది లేదు. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వరుకు పేటెంటు పొందాడు. ఆ రకం తుపాకుల్లో సిలిండరు ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనక చిన్న క్యాపు తొడిగేవారు. ఈ తంతు తొందరగా ముగియడానికి మందునూ గుండునూ కలిపి పలచని కాగితంలో చుట్టిన తూటాలు వచ్చాయి. ఆరు గూళ్ళ రివాల్వరుకు ఆరు తూటాల పొట్లం. కాగితం నలిగిపోకుండా కొన్నిటిలో చెక్కదిమ్మకు రంధ్రాలు చేసి, తూటాలను అందులో నిలబెట్టి, పైన కాగితం చుట్టి లేబులు వేసేవారు. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వరు వున్నవారికి ఇలాంటి పొట్లం దొరికితే అది పండగే.

కాగితపు తూటా అంటే మన దేశ చరిత్రలోనూ ఒక పెద్ద అధ్యాయం వుంది. అది రివాల్వరుది కాదు, ఎన్‌ఫీల్డ్ రైఫిలుది. ఆ తూటా కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట 1857 జనవరిలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో సిపాయిల మధ్య పుట్టింది. ఆ కాగితాన్ని పళ్ళతో కొరికి చింపాలి. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ భగ్గుమంది. తిరుగుబాటుకు మరెన్నో కారణాలున్నా, నిప్పు అంటుకున్నది తూటాకు చుట్టిన కాగితం దగ్గరే. తుపాకి చుట్టూ వుండే కాగితం చిన్న విషయం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అదే 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఏడు గూళ్ళ చిన్న రివాల్వరును అమ్మకానికి పెట్టింది. 22 క్యాలిబరు లోహపు తూటాను సిలిండరు వెనక నుంచి పెట్టే ఏర్పాటు అందులో వుంది. సిలిండరును ఆ చివర నుంచి ఈ చివర దాకా తొలిచే పద్ధతికి రోలిన్ వైట్ అనే ఆయన పేటెంటు సంపాదించాడు. ఆ హక్కును ఈ కంపెనీ పుచ్చుకుంది. 1869లో పేటెంటు గడువు తీరేదాకా మిగిలిన కంపెనీలు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. గడువు తీరగానే ఎవరికి వారు లోహపు తూటా రివాల్వర్లు మొదలుపెట్టారు. తూటాల కంపెనీలూ, వాటితోపాటు పెట్టెల రకాలూ పుట్టగొడుగుల్లా పెరిగాయి.

అంకె ఒకటే, తూటా వేరు

కొత్తగా ఈ సరదాలో దిగినవాళ్ళు మొదట పడే గుంట ఇక్కడే వుంది. రివాల్వరు మీద 44 అని వుంది, పెట్టె మీదా 44 అని వుంది, ఇంకేం అనుకుంటారు. కాని స్మిత్ అండ్ వెస్సన్ వారి 44 అమెరికన్ వేరు. అదే కంపెనీ రష్యా ప్రభుత్వం కోసం తయారు చేసిన 44 రష్యన్ వేరు. వించెస్టర్ 1873 రైఫిలు తూటా అయిన 44-40 మరొకటి. ఇందులో రెండో అంకె ఆ తూటాలో పోసిన నల్లమసి రంగు తుపాకి మందు తూకం, నలభై గ్రెయిన్లు. ఒకదాని తూటా మరొకదానిలో సరిగా కూర్చోదు.

ఈ 44-40 పెట్టెకు ఒక ప్రత్యేకత వుంది. కోల్ట్ కంపెనీ తన రివాల్వరును ఈ తూటా పట్టేలా కూడా తయారు చేసి, ఫ్రాంటియర్ సిక్స్ షూటర్ అని పేరు పెట్టింది. అంటే చేతిలోని రైఫిలుకూ, నడుముకు వేలాడే రివాల్వరుకూ ఒకే పెట్టె. ఊరికి దూరంగా బతికే పశువుల కాపరికి ఇది ఎంత సౌకర్యమో చెప్పనక్కరలేదు. అలాంటి రివాల్వరు పక్కన వించెస్టర్ వారి 44 పెట్టె కనిపిస్తే తెలియనివారు పొరపాటు అనుకుంటారు. తెలిసినవారు తల వూపుతారు.

ఇంకో వేడుక కూడా వుంది. 38 క్యాలిబరులో స్మిత్ అండ్ వెస్సన్ తూటాకు మంచి గిరాకీ. కోల్ట్ తన రివాల్వరును కూడా దానికే తయారు చేసింది. కాని పోటీవాడి పేరు తన తుపాకి మీద చెక్కడానికి మనసు ఒప్పలేదు. గుండు కొనను కాస్త చదును చేసి, దానికి 38 కోల్ట్ న్యూ పోలీస్ అని పేరు పెట్టింది. పేర్లు రెండు, తూటా తొడుగు ఒకటే. అక్కాచెల్లెళ్ళకు ఒకే చీర రెండు రంగుల్లో కొన్నట్లు, ఒకే తూటాకు రెండు రకాల పెట్టెలు వచ్చాయి. కోల్ట్ రివాల్వరు కలవారు కోల్ట్ పేరున్న పెట్టె కోసమే పట్టుపడతారు. వ్యాపారుల పంతం నూరేళ్ళ తరువాత కూడా ఇలా అట్టముక్క మీద బతికే వుంది.

పెట్టెలు కలిసిపోతే...

జత కుదరకపోవడం ఇంట్లో ముచ్చటకు లోటు. యుద్ధరంగంలో అది ప్రాణాల మీదికి వస్తుంది. ఈ పాఠం అమెరికా సైన్యానికి 1870ల్లో అనుభవమైంది.

1873లో ఆ సైన్యం కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరును తీసుకుంది. 45 క్యాలిబరు, ఆరు గూళ్ళు. 1875లో దానికి తోడుగా స్మిత్ అండ్ వెస్సన్ వారి స్కోఫీల్డ్ రివాల్వరును కూడా కొన్నది. జార్జ్ స్కోఫీల్డ్ అనే సైనికాధికారి సూచించిన మార్పులతో తయారైంది కాబట్టి ఆ పేరు. మధ్యకు విరిస్తే ఖాళీ తూటాలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చేవి. గుర్రం మీద వున్నవాడికి ఇది వరం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే తూటా పొడవులో. కోల్ట్ తూటా తొడుగు 1.285 అంగుళాలు. స్కోఫీల్డ్ తూటా తొడుగు 1.10 అంగుళాలు. తేడా అంగుళంలో అయిదో వంతు కూడా లేదు. పొట్టి తూటా కోల్ట్‌లో పేలుతుంది గాని, పొడుగు తూటా స్కోఫీల్డ్‌లో పట్టదు. రెండింటి మీదా 45 అనే వుంది. స్కోఫీల్డ్ రివాల్వర్లు వున్న దళానికి కోల్ట్ పెట్టెలు చేరితే ఆ తుపాకులు దండగ. చివరకు ఫిలడెల్ఫియాలోని ప్రభుత్వ తూటాల కర్మాగారం ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ సైన్యం కోసం రెండింటికీ సరిపోయే పొట్టి తూటానే తయారు చేయసాగింది.

ఆ కర్మాగారం రివాల్వరు తూటాలను పన్నెండేసి చొప్పున చిన్న పెట్టెల్లో సర్దేది. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర సూ, చెయెన్ తెగల యోధుల చేతిలో కస్టర్ నాయకత్వంలోని దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజున ఒక్కో సైనికుడికి రివాల్వరు తూటాలు 24, కార్బైన్ తూటాలు 100 ఇచ్చారు. ఇరవై నాలుగు అంటే సరిగ్గా రెండు పెట్టెల లెక్క.

1983 ఆగస్టులో ఆ మైదానంలో గడ్డి తగలబడి నేల బయటపడింది. ఆ మరుసటి రెండేళ్ళలో పురావస్తు శాస్త్రజ్ఞులు లోహాన్ని పసిగట్టే పరికరాలతో నేలను జల్లెడ పట్టారు. ఖాళీ తూటా తొడుగులు పెద్ద సంఖ్యలో దొరికాయి. సుత్తి ముల్లు కొట్టిన గుర్తును బట్టి ఏ తొడుగు ఏ తుపాకిదో, ఆ తుపాకి మైదానంలో ఎటునుంచి ఎటు కదిలిందో వేలిముద్రలు పోల్చినట్లు పోల్చి చెప్పారు. లోహం నూరేళ్ళు మట్టిలో వుండి సాక్ష్యం ఇచ్చింది. కాగితం మట్టిలో కలిసిపోయింది. ఆ కాలపు పన్నెండు తూటాల పెట్టె ఎక్కడో అటకమీద మిగిలి వుంటే దానికి అంత విలువ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

పెట్టె వయసు చెప్పేదెలా?

చాలా పెట్టెల మీద తయారైన సంవత్సరం వుండదు. అయినా అనుభవజ్ఞులు లేబులు చూసి వయసు చెబుతారు. పశువు పళ్ళు చూసి సంతలో వయసు చెప్పినట్లే దీనికీ గుర్తులున్నాయి.

మొదటి గుర్తు కంపెనీ పేరు. అమెరికాలో బ్రిడ్జిపోర్టు పట్నాన యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ 1867లో మొదలైంది. పెట్టెల మీద యు.ఎం.సి. అని క్లుప్తంగా వుండేది. తరువాత ఇది రెమింగ్టన్ కంపెనీతో కలిసిపోయింది. కనుక లేబులు మీద రెండు పేర్లూ జోడించి రెమింగ్టన్-యు.ఎం.సి. అని వుంటే అది 1910ల నాటిది లేదా ఆ తరువాతది. దాన్ని తెచ్చి 1875 నాటి రివాల్వరు పక్కన పెడితే, తాతగారి పెళ్ళిఫోటోలో మనవడిని నిలబెట్టినట్లుంటుంది. 1933లో రెమింగ్టన్ డూపాంట్ వారి చేతికి వచ్చింది. ఆ పేరు కనబడితే పెట్టె అంతకు తరువాతదే.

రెండో గుర్తు పేటెంటు తేదీలు. పాత లేబుళ్ళ మీద పేటెంటు పొందిన తేదీలు వరసగా అచ్చువేసేవారు. వాటిలో అన్నిటికన్నా చివరి తేదీ ఏదో, పెట్టె అంతకు ముందుది కావడానికి వీల్లేదు.

మూడో గుర్తు తుపాకి మందు. 1890ల దాకా రివాల్వరు తూటాల్లో గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన పాతకాలపు మందే వుండేది. పేలిస్తే మబ్బులా పొగ. తరువాత పొగలేని మందు వచ్చింది. ఆ పెట్టెల మీద స్మోక్‌లెస్ అని ప్రత్యేకంగా అచ్చువేసేవారు. కొత్త మందు వత్తిడి పాత ఇనుము తట్టుకోలేదు. కోల్ట్ కంపెనీ తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లు పొగలేని మందుకు పనికివస్తాయని హామీ ఇచ్చింది 1900 ప్రాంతంలో మాత్రమే. అందుచేత 1880 నాటి రివాల్వరు పక్కన స్మోక్‌లెస్ పెట్టె పెట్టడం జతకు జతా తప్పు, తెలియనివాడికి ప్రమాదపు సలహా కూడా.

పెట్టె కట్టిన తీరు కూడా చూస్తారు. పాతవి రెండు ముక్కలవి. కిందిది తొట్టి, పైది మూత. ఒకే అట్టను మడిచి, చివర తెరిచే పెట్టెలు తరువాత వచ్చినవి.

ఇంగ్లండు పెట్టెలు, ఇండియా పెట్టెలు

మన దేశంలో పాత పోలీసు, సైనిక కథల్లో వినిపించే పేరు వెబ్లీ. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఈ రివాల్వరును బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. దీని తూటా 455 అని పేరు పడింది. ఈ రివాల్వర్లకు జతగా ఇంగ్లండు సేకర్తలు వెతికేవి ఈలీ, కైనాక్ కంపెనీల పెట్టెలు.

ఈలీ వారిది లండను. 1828లో అన్నదమ్ములు మొదలుపెట్టిన వ్యాపారం. వారిలో విలియం ఈలీ 1841లో తన కార్ఖానాలోనే క్యాపుల్లో వాడే పాదరసపు మందు పేలి చనిపోయాడు. అందమైన లేబుళ్ళ వెనక ఇలాంటి చావులూ వున్నాయి. జార్జ్ కైనాక్ 1862లో బర్మింగ్‌హామ్ దగ్గర విట్టన్‌లో తూటాల కర్మాగారం పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక రెండు కంపెనీలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1926లో ఐ.సి.ఐ. ఏర్పడి వాటిని తనలో కలుపుకుంది. కాబట్టి ఈలీ అని ఒక్కటే వుంటే ఒక కాలం, ఈలీ-కైనాక్ అని వుంటే తరువాతి కాలం, ఐ.సి.ఐ. గుర్తు కూడా వుంటే 1926 తరువాతి కాలం. ఒక్క పేరుతో యాభై ఏళ్ళ తేడా తేలిపోతుంది.

పుణె దగ్గర ఖడ్కీలో 1869లో స్థాపించిన తూటాల కర్మాగారం నేటికీ పనిచేస్తోంది. అక్కడ తయారైన పాత తూటాల అడుగున కె.ఎఫ్. అన్న ఆంగ్లాక్షరాలు వుంటాయి. కిర్కీ ఫ్యాక్టరీ అని అర్థం. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆర్సెనల్ పేరు మాత్రం లోకమంతా మరో కారణం వల్ల తెలిసింది. 1890ల్లో అక్కడ తయారైన రైఫిలు గుండు ఒంట్లో దిగాక విచ్చుకుని పెద్ద గాయం చేసేది. విచ్చుకునే గుళ్ళను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించింది. అయినా డమ్‌డమ్ గుండు అన్న మాట భాషలో నిలిచిపోయింది. విదేశీ సేకర్తలు ఈ రెండు ఊళ్ళ పేర్లున్న కాగితపు పొట్లాలను ప్రత్యేకంగా దాచుకుంటారు.

టీ డికాక్షన్ మాయ

డబ్బున్నచోట దొంగ వుండనే వుంటాడు. పాత లేబులును రంగు జెరాక్సు తీసి, కొత్త అట్టకు అంటించి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే చూసేవారికి నూరేళ్ళ పెట్టెలా కనిపిస్తుంది. అసలు పెట్టెకు నకలు లేబులు అతికించేవారూ వున్నారు. సరదాకోసం, నకలు అని స్పష్టంగా ముద్రించి అమ్మేవారిని ఎవరూ తప్పుపట్టరు. ఆ మాటను చెరిపేసి అమ్మినప్పుడే మోసం.

పట్టుకోవడానికి దారులున్నాయి. పాత అచ్చులో అక్షరం అంచు గట్టిగా వుంటుంది. భూతద్దం కింద చూస్తే జెరాక్సులో రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఇంకో పరీక్ష అల్ట్రావయొలెట్ దీపం. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడకంలోకి వచ్చాయి. చీకటిగదిలో ఆ దీపం వేస్తే అవి నీలంగా వెలుగుతాయి. 1880 నాటి లేబులు అలా వెలిగిందంటే అది అబద్ధమే.

కాని అన్నిటికన్నా కష్టమైన మోసం తనకు తాను చేసుకునేది. జత కుదిరితే చాలన్న ఆత్రంలో, ఎక్కడో కొన్న రివాల్వరునూ, మరెక్కడో కొన్న పెట్టెనూ పక్కపక్కన పెట్టి, ఇవి మొదటి నుంచీ కలిసే వున్నాయని చెప్పుకోవడం. వస్తువులు రెండూ అసలువే. కథ మాత్రం కల్పితం. ఆ రెండూ వేలంలోకి వచ్చినప్పుడు ఆ కథ కూడా నిజమై కూర్చుంటుంది. అందుకే నిజాయితీ గల సేకర్త ప్రతి పెట్టె వెనకా చీటీ రాసి పెట్టుకుంటాడు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు కొన్నది, రివాల్వరుతోపాటు వచ్చిందా, తరువాత జత చేసిందా. ఆ చీటీ లేని జత అందంగా వుంటుంది గాని సాక్ష్యానికి పనికిరాదు.

లోపల తూటాలుంటే?

నిండు పెట్టె దొరికితే సంబరమే గాని జాగ్రత్త కూడా రెట్టింపు కావాలి. పాత తూటా చచ్చిపోయిందని అనుకోరాదు. నూరేళ్ళు దాటిన తూటా పేలవచ్చు, పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు. దాన్ని పరీక్షకోసం తుపాకిలో పెట్టడం, సుత్తితో విప్పడం, నిప్పు దగ్గర వుంచడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అట్టపెట్టె నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసపు గుండు తెల్లని బూజులా పొడి పడుతుంది. ఆ పొడి విషం. చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకోకూడదు.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా కేంద్ర చట్టం 1898లోనూ, అంతకు ముందూ తయారైన తుపాకులను పురాతన వస్తువుల కింద లెక్కిస్తుంది. అక్కడ ఈ సరదా ఇంతగా పెరగడానికి అదొక కారణం. భారతదేశంలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర వుంచుకోవడం నేరం. పాతకాలపు తుపాకికి మినహాయింపు వున్నా, అది మరమ్మతు చేసినా పేలని స్థితిలో వున్నప్పుడే. తాతల నాటి భోషాణంలో తూటాలు బయటపడితే వాటిని కదపకుండా పోలీసు స్టేషనుకు కబురు చేయడం క్షేమం. ఖాళీ కాగితపు పెట్టెను మాత్రం పారేయనక్కరలేదు.

లెక్క రాసి పెట్టిన వీరుడు

తుపాకి ఒక్కటి వుంటే చాలదు, దానికి తగిన తూటా వుండాలన్న సత్యం తెలుగువారికి మన్యం పోరాటం నేర్పింది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాడు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కించుకున్నాడు. అన్నిటికన్నా విశేషం, తీసుకున్నవాటి వివరం స్టేషను రికార్డులో రాసి మరీ వెళ్ళడం. ఏ తుపాకులు, ఎన్ని తూటాలు అన్న లెక్క ఆ విధంగా చరిత్రకు మిగిలింది. ఆ తూటాలు వచ్చిన పెట్టెలు, పొట్లాలు మన్యం వానల్లో ఎక్కడ కలిసిపోయాయో.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు నిలబడితే కత్తులు, డాళ్ళు, తుపాకులు కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. సందర్శకుడు ఆయుధాన్ని చూస్తాడు. దాని వెంట నడిచిన తిత్తులు, సంచులు, పొట్లాలు, పెట్టెలు ఎలా వుండేవో అడగాలని అతనికి తోచదు. యుద్ధం చేసింది తుపాకి ఒక్కటే కాదు. తూటాలు చుట్టిన కూలీ, పెట్టె మడిచిన పిల్ల, లేబులు అచ్చొత్తిన ముద్రాపకుడు కూడా ఆ ఆయుధం వెనక వున్నారు. వారి చేతి పని మిగిలి వున్నది ఆ అట్టముక్క మీదే.

తెలుగు జిల్లాల్లో పాత జమీందారీ ఇళ్ళు, పెంకుటిళ్ళు కూలిపోతున్నాయి. అటకలు దులిపిన ప్రతిసారీ ఇత్తడి పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది, కాగితం మంటలోకి పోతుంది. తుపాకి లైసెన్సు పుస్తకం, మద్రాసు అంగడి రసీదు, రేకు డబ్బా మీది రంగు లేబులు - వీటిలో ఏదైనా కంటపడితే నిప్పులో వేసే ముందు ఒక్కసారి చదవడం మంచిది. తుపాకి ఎవరిని కాల్చిందో అది చెప్పదు. ఎక్కడ కొన్నారో, ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో చెప్పగలిగేది పక్కనున్న ఆ చిరిగిన కాగితమే.